ధ్రువ తీర సముద్రాల్లో సూక్ష్మజీవుల ఋతుచక్రాన్ని పట్టుకోవడం ఎలా: సీసాలో నీటి నుంచి గ్రాఫులో గీత దాకా

అంటార్కిటికా ద్వీపకల్పానికి పడమటి వైపున ఆన్వర్స్ ద్వీపం ఉంది. దాని ఒడ్డున ఆర్థర్ హార్బర్ అనే చిన్న రేవు. నడివేసవిలో అక్కడి పైనీటిలో ఆర్కియా (బాక్టీరియాలాగే కేంద్రకం లేకున్నా వాటికి వేరైన సూక్ష్మజీవుల వర్గం) కోసం వెతికితే దాదాపు ఉత్త చేతులతో తిరిగి రావాలి. శీతాకాలంలో అదే నీటిని పట్టి చూస్తే అవి గుంపులుగా కనిపిస్తాయి. అంటార్కిటికా తీరపు పైనీటిలోని కేంద్రకం లేని సూక్ష్మజీవుల్లో 34 శాతం దాకా ఆర్కియాయే ఉండవచ్చని ఎడ్వర్డ్ డిలాంగ్ బృందం 1994లో ప్రకటించింది. ఆ వాటా శీతాకాలంలో పెరిగి, వసంతం నుంచి పడిపోతుందని ఆలిసన్ మర్రే, ఆమె సహచరులు 1998లో ఆన్వర్స్ తీరంలోనే చూపారు. ఈ రెండు కాలాల మధ్య నీటి ఉష్ణోగ్రతలో తేడా మహా అయితే మూడు నాలుగు డిగ్రీలు.

ఇంత చిన్న తేడాకు అంత పెద్ద మార్పు ఎలా వచ్చింది? వేడి వల్ల కాదు, వెలుగు వల్ల. ధ్రువ సముద్రంలో ఋతువంటే ముందు వెలుగు, తర్వాత మంచు, ఆ తర్వాతే ఉష్ణోగ్రత. ఈ వరుస మనసులో లేకుండా పడవెక్కితే నమూనాలు పెట్టెల నిండా వస్తాయి గాని, ఋతుచక్రం మాత్రం చేతికి రాదు. ఈ రంగంలో పెద్ద లోటు డీఎన్‌ఏను చదివే సీక్వెన్సింగ్ యంత్రాలది కాదు, శీతాకాలపు నీటిది. ఓడలు వేసవిలో చుట్టపు చూపుగా వెళ్లి వస్తాయి. ఆ రెండు మూడు నెలల లెక్కకే ‘ఋతువులను బట్టి మార్పులు’ అని పేరు పెట్టేస్తారు. కింద చెప్పే పద్ధతంతా శీతాకాలాన్ని నడుమ పెట్టుకుని అల్లింది.

మొదటి మెట్టు: అక్కడి ఏడాదిని అక్కడి లెక్కలో విభజించండి

వసంతం, వేసవి, శరత్తు, శీతాకాలం అని మూడేసి నెలలుగా కోయడం ధ్రువాల దగ్గర పనికిరాదు. ఆర్కిటిక్‌లోని నార్వే దీవుల సమూహం స్వాల్‌బార్డ్‌లో ఉన్న కాంగ్స్‌ఫ్యోర్డెన్‌ను తీసుకోండి. సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఈ ఫ్యోర్డు (కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డునే నీ-ఓలెసున్ పరిశోధనా గ్రామం ఉంది. భారత్ 2008లో ప్రారంభించిన హిమాద్రి కేంద్రం ఉన్నదీ అక్కడే. అక్టోబర్ చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా అక్కడ సూర్యుడు దిగంతం దాటి పైకి రాడు. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా అస్తమించడు. మధ్యలో మిగిలిన రెండేసి నెలల్లోనే పగలు, రాత్రి అనే మాటలకు మనకు తెలిసిన అర్థం ఉంటుంది.

అందుకే ఏడాదిని అయిదు దశలుగా చూడమంటాను.

చీకటి కాలంలో నీరు పైనుంచి కిందిదాకా కలిసిపోయి ఉంటుంది. నైట్రేటు నిండుగా ఉంటుంది, తినడానికి తాజా సేంద్రియ పదార్థం మాత్రం ఉండదు. మిల్లీలీటరుకు లక్ష, రెండు లక్షల కణాలే ఉంటాయి. అయినా ఈ నీరు నిద్రపోతోందని అనుకోవద్దు. సూర్యకాంతితో పని లేకుండా అమ్మోనియాను ఆక్సీకరించి బతికే ఆర్కియాకు ఇదే పండుగ. అవి వదిలిన నైట్రైటును నైట్రేటుగా మార్చే నైట్రోస్పైనా బాక్టీరియా కూడా వాటి పక్కనే పెరుగుతాయి. లోతు నీటి జాతులు కలయికలో పైకి తేలి వస్తాయి. బహుశా ఈ కారణాలన్నీ కలిసే, శీతాకాలంలో జాతుల వైవిధ్యం వేసవికన్నా ఎక్కువగా ఉంటుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్ దీవుల్లోనూ అంటార్కిటికా ద్వీపకల్పంలోనూ ఇదే తేలిందని ఘిగ్లియోన్, మర్రే 2012లో చూపారు. చలికాలమంటే పేదకాలమనే మన ఊహకు ఇది పూర్తిగా అడ్డం తిరిగే విషయం.

రెండో దశ సూర్యుడు తిరిగి వచ్చే కాలం. నీరు ఇంకా −1.8 డిగ్రీల దగ్గరే, అంటే గడ్డకట్టే అంచులోనే ఉంటుంది. అయితే మంచు పలకల అడుగున గోధుమ రంగు పొర కనిపించడం మొదలవుతుంది. అది మంచు శైవలాల (ఆల్గీ) పొర. ఆర్కిటిక్‌లో నిట్షియా ఫ్రిజిడా, రెండు ధ్రువాల దగ్గరా ఫ్రాజిలారియోప్సిస్ వంటి డయాటమ్‌లు (గాజులాంటి పెంకున్న ఏకకణ శైవలాలు) అందులో ఉంటాయి. పైనున్న కాంతిలో ఒక శాతం కన్నా తక్కువ అందినా ఇవి పెరగగలవు. మంచు మీద పేరుకున్న హిమపు మందం కొన్ని అంగుళాలు పెరిగితే చాలు, ఆ కాస్త కాంతి కూడా ఆగిపోతుంది. కాబట్టి తేదీతో పాటు హిమపు మందం కూడా రాసుకోవాలి.

మూడోది ప్లవకాల (నీటిలో తేలే సూక్ష్మ శైవలాల) విజృంభణ. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లోను, అంటార్కిటికా ద్వీపకల్పంలో నవంబర్ నుంచి జనవరి వరకు ఎప్పుడైనా ఇది వస్తుంది. డయాటమ్‌లు, ఫియోసిస్టిస్ అనే జిగురు శైవలం రోజుల వ్యవధిలో నీటి రంగు మార్చేస్తాయి. బాక్టీరియా వెంటనే లేవవు. కొన్ని రోజులో కొన్ని వారాలో ఆలస్యంగా లేచి, ప్లవకాలు వదిలిన చక్కెర గొలుసుల మీద పడతాయి. పోలారిబాక్టర్ అనే బాక్టీరియా ఆ విందులో అందరికన్నా ముందు కూర్చునే అతిథి. దాని బంధువర్గమైన ఫ్లావోబాక్టీరియా, గామాప్రోటియోబాక్టీరియాలోని కొన్ని శాఖలు తర్వాతి పంక్తుల్లో వస్తాయి. కణాల సంఖ్య మిల్లీలీటరుకు పది లక్షలు దాటుతుంది.

నాలుగోది కరుగునీటి కాలం. పైన తేలికైన మంచినీటి పొర, కింద బరువైన ఉప్పునీరు. హిమానీనదాల దగ్గర నీరు బురదగా మారి కాంతిని అడ్డుకుంటుంది. ఆర్కిటిక్‌లో మైక్రోమోనాస్ పోలారిస్ వంటి అతి చిన్న శైవలాలు, అంటార్కిటికా ద్వీపకల్పంలో క్రిప్టోఫైట్లనే శైవలాలు డయాటమ్‌ల చోటు తీసుకుంటాయి. అయిదోది శరత్తు: గాలులు పెరుగుతాయి, నీటి పొరలు చెదిరి కలిసిపోతాయి, వెలుగు వేగంగా తగ్గుతుంది. దీని గురించి మనకున్న సమాచారం చాలా తక్కువ, కారణం కూడా విచిత్రమేమీ కాదు. అప్పటికి అందరూ ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు.

రెండో మెట్టు: చోటు, లోతు

కొత్త చోటు వెతుక్కోవాలనే ఉబలాటం ఆపుకోండి. ఎన్నో ఏళ్లుగా ఉప్పదనం, పోషకాలు, క్లోరోఫిల్ కొలుస్తున్న చోటు దొరికితే, మీ ఒక్క ఏడాది నమూనాలకు వెనుక పాతికేళ్ల చరిత్ర ఉచితంగా దొరికినట్టే. అంటార్కిటికా ద్వీపకల్పం దగ్గరి ఆడిలేడ్ ద్వీపంలోని బ్రిటిష్ రోథెరా కేంద్రం పక్కన రైడర్ బేలో 1997 నుంచి ఏడాది పొడవునా కొలతలు సాగుతున్నాయి. ఆన్వర్స్ దగ్గర పామర్ కేంద్రంలో 1990లోనే దీర్ఘకాల పరిశీలన మొదలైంది. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 2014లో నీట దించిన ఇండార్క్ అనే భారతీయ లంగరు పరికరాల వరుస, మనుషులు వెళ్లడం కష్టమయ్యే చలి నెలల్లో కూడా నీటి కొలతలు నమోదు చేయడానికే పెట్టింది.

లోతు ఒకటే అయినా ఫరవాలేదు, మారకుండా ఉండాలి. రైడర్ బేలో ప్రధాన నమూనా 15 మీటర్ల లోతున తీస్తారు. పైపైన తేలే కరుగునీటి పలుచని పొరను అది తప్పించుకుంటుంది, ప్లవకాలు దట్టంగా ఉండే మేరకు దగ్గరగానూ ఉంటుంది. స్తోమత ఉంటే రెండో లోతుగా వేసవి పొరకు కిందనున్న చల్లని నీటిని తీసుకోండి. వేసవిలో కూడా అక్కడ చలికాలపు నీరే మిగిలి ఉంటుంది. నడివేసవిలో శీతాకాలపు సముదాయాన్ని చూడాలంటే అదే దారి.

మూడో మెట్టు: ఎప్పుడెప్పుడు తీయాలి

ప్రతి నెలా ఒకటో తేదీన తీస్తే కాగితం మీద బాగుంటుంది. నీటిలో మాత్రం విజృంభణ రెండు ఒకటో తేదీల మధ్య పుట్టి పోవచ్చు. చీకట్లో నెలకు ఒకటి లేదా రెండు నమూనాలు సరిపోతాయి. సూర్యుడు తిరిగొచ్చినప్పటి నుంచి వారానికొకటి తీయండి. క్లోరోఫిల్ లేవడం మొదలైన రోజు నుంచి వారానికి రెండు తీయాలి. అంటే క్లోరోఫిల్‌ను అక్కడికక్కడే, అదే రోజు కొలవగలగాలి. నీటిని గాజుపీచు ఫిల్టర్ మీద వడకట్టి, 90 శాతం ఎసిటోన్‌లో నానబెట్టి, ఫ్లోరోమీటర్‌లో చదవడం పాత పద్ధతే. ఇంతకన్నా నమ్మకమైన అలారం మరొకటి లేదు.

ఒక్క ఏడాదితో ఆగితే మీరు చూసింది ఋతువా, ఆ ఏడాది వింతా అన్నది తేలదు. కనీసం రెండు శీతాకాలాలు కావాలి, మూడైతే మేలు.

నాలుగో మెట్టు: నీరు పట్టడం

ముందు అనుమతుల మాట. అంటార్కిటికాలో ఏ పని చేసినా 1991లో కుదిరి 1998లో అమల్లోకి వచ్చిన పర్యావరణ ఒడంబడికకు లోబడాలి, ఆ దారిలో అనుమతికి నెలలు పడుతుంది. స్వాల్‌బార్డ్‌లో ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంటి భయం ఉంటుంది. ఒంటరిగా మంచు మీదికి వెళ్లకండి. అడుగు వేసే ముందు మంచు మందం కొలవండి. కూలే హిమానీనదపు అంచుకు దూరంగా ఉండండి.

ఇప్పుడు అసలు పని. గాలి −25 డిగ్రీల్లో ఉన్నప్పుడు, −1.8 డిగ్రీల సముద్రపు నీరే చుట్టుపక్కల అన్నిటికన్నా వెచ్చని వస్తువు. మంచులో రంధ్రం తవ్వి నిస్కిన్ సీసాను (కావలసిన లోతులో మూసుకుని నీరు పట్టే గొట్టం) కిందికి దించే లోపే పైన సన్నని మంచు ముక్కల గుజ్జు పేరుకుంటుంది. దాన్ని జల్లెడ గరిటెతో తీసేయకపోతే సీసా పైకి వచ్చేటప్పుడు ఆ గుజ్జు, అందులోని మంచు శైవలాలు మీ నమూనాలో చేరతాయి. సీసాను నీటిలోంచి తీసిన కొద్ది నిమిషాల్లోనే దాని కొళాయి గడ్డకడుతుంది. మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. కొళాయిని అరచేతుల్లో వేడి చేస్తూ కూర్చున్నాను. ఈలోగా సీసా లోపలి గోడలకు మంచు పూతలా పట్టింది. మంచు కట్టేటప్పుడు ఉప్పు బయటికి పోతుంది కాబట్టి మిగిలిన నీరు మరింత ఉప్పగా మారింది. ఆ నమూనాను పారేయక తప్పలేదు. ఇప్పుడైతే సీసాను నీటిలోంచి తీయగానే థర్మాకోల్ పెట్టెలోకి దించి, మూత వేసి, లోపలే ఖాళీ డబ్బాలోకి వంపుతాను. ఆ డబ్బాను ముందుగా అదే సముద్రపు నీటితో మూడుసార్లు కడిగి ఉంచుతాను.

వెనక్కి తెచ్చేటప్పుడు నీరు గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు, వెలుగు తగలకూడదు. ప్రయోగశాల గదిలో బల్ల మీద గంటసేపు వదిలేసిన నీటిలో మీరు చదివేది ధ్రువ సముద్రాన్ని కాదు, ఆ బల్లను.

మంచు కోరు (గొట్టపు రంపంతో కోసి తీసిన నిలువు మంచు స్తంభం) తీస్తే అడుగు భాగాన్ని విడిగా కోసి, వడకట్టిన సముద్రపు నీటిలో, చీకట్లో, సుమారు 4 డిగ్రీల దగ్గర కరిగించండి. ఉత్తగా కరిగిస్తే ఉప్పు ఒక్కసారిగా పడిపోయి కణాలు పగిలిపోతాయి.

అయిదో మెట్టు: వడపోత, భద్రపరచడం

ఇక్కడ ఋతువులే అడ్డుపడతాయి. చీకటి కాలంలో చాలినంత డీఎన్‌ఏ రావాలంటే అయిదు నుంచి పది లీటర్లు వడకట్టాలి. విజృంభణ రోజున అర లీటరుకే ఫిల్టర్ మూసుకుపోతుంది. ఫియోసిస్టిస్ ఉంటే మరీను, దాని జిగురు గంజిలా అడ్డుపడుతుంది. ఫిల్టర్ మూసుకుపోయే కొద్దీ దాని రంధ్రాలు చిన్నవైనట్టే లెక్క. మామూలుగా జారిపోయే చిన్న కణాలు కూడా అప్పుడు చిక్కుకుంటాయి. అందుకే ముందు 3 మైక్రాన్ల ఫిల్టర్ గుండా, తర్వాత 0.22 మైక్రాన్ల స్టెరివెక్స్ అనే మూసిన ఫిల్టర్ గొట్టం గుండా పంపండి. పెద్ద కణాలు, వాటికి అంటుకున్న బాక్టీరియా మొదటి ఫిల్టర్ మీద, విడిగా ఈదేవి రెండో దానిలో ఉంటాయి. రెండింటినీ దాచండి. అరగంట దాటితే ఎంత నీరు మిగిలినా ఆపేయండి, ఎంత పోయిందో మాత్రం మిల్లీలీటర్లలో రాయండి.

ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలంటే భద్రపరిచే ద్రావణం వెంటనే నింపాలి. డీఎన్‌ఏ ఒక్కటే అయితే ద్రవ నత్రజనిలో ముంచి −80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. గొట్టం మీద పేరు ఆల్కహాలుకు చెరిగిపోయే సిరాతో రాయకండి. నవ్వులాటగా అనిపించే ఈ మాటే చాలామంది కొంప ముంచింది.

ప్రతి నెలా ఒక ఖాళీ ఫిల్టర్‌కు కూడా ఇదే మర్యాద చేయాలి. శుద్ధి చేసిన నీటిని అదే పంపు, అదే గొట్టం గుండా పోనిచ్చి దాచండి. శీతాకాలపు నమూనాల్లో డీఎన్‌ఏ తక్కువ కాబట్టి మన చర్మం మీది బాక్టీరియా, రసాయన కిట్లలోని బాక్టీరియా వాటిలోనే ఎక్కువగా తలెత్తుతాయి. ఖాళీ ఫిల్టర్ లేకపోతే వాటిని చలికాలపు అరుదైన జాతులని పొరబడటం ఖాయం.

ఆరో మెట్టు: తలలు లెక్కపెట్టండి

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, తర్వాత బాధపడేవాళ్లూ వాళ్లే. మిల్లీలీటరున్నర నీటికి గ్లూటరాల్డిహైడ్ కలిపి, చీకట్లో పది పదిహేను నిమిషాలు ఉంచి, ద్రవ నత్రజనిలో గడ్డకట్టించండి. తర్వాత సైబర్ గ్రీన్ రంగు వేసి ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే యంత్రంలో) లెక్కించవచ్చు. ఆగి చూసే సమయం పోను, చేతిపని అయిదు నిమిషాలదే. దాని విలువ ఎనిమిదో మెట్టులో తెలుస్తుంది.

ఏడో మెట్టు: ప్రైమర్ సరిగా ఎంచుకోండి

నీటిలో ఏ బాక్టీరియా, ఏ ఆర్కియా ఉన్నాయో వాటి 16ఎస్ జన్యువును చదివి గుర్తుపడతాం. ఆ జన్యువుకు ప్రతులు పెంచడానికి వాడే ప్రైమర్ల (జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కల) జతలో పాత రూపాలకు రెండు గుడ్డి మచ్చలున్నాయి. 806ఆర్ అనే ప్రైమర్ పాత రూపం సార్11 అనే సముద్రపు బాక్టీరియా గుంపును తక్కువగా చూసేది. 515ఎఫ్ పాత రూపం అమ్మోనియాను ఆక్సీకరించే ఆర్కియాను తక్కువగా చూసేది. సార్11 ఏడాది పొడవునా ఉండే నివాసి, ఆ ఆర్కియా శీతాకాలపు నాయకులు. అంటే పాత జత వాడితే ధ్రువ ఋతుచక్రంలో అత్యంత ముఖ్యమైన రెండు పాత్రలే మసకబారిపోతాయి. 2015, 2016లలో ఈ లోపాలను సవరించిన రూపాలు వచ్చాయి. 515ఎఫ్-వై, 926ఆర్ జత నా ఎంపిక, ఎందుకంటే అది కేంద్రకం ఉన్న జీవుల 18ఎస్ జన్యువును కూడా కొంత పట్టుకుంటుంది.

ఇంకో చిన్న మాట, ప్రభావం మాత్రం చిన్నది కాదు. శీతాకాలపు నమూనాలన్నీ ఒక రోజు, వేసవివన్నీ మరో రోజు డీఎన్‌ఏ తీయకండి. చీట్లు వేసి కలగలపండి. లేకపోతే గ్రాఫులో కనిపించే రెండు గుంపులు ఋతువులవో, కిట్లవో ఎవరూ చెప్పలేరు.

ఎనిమిదో మెట్టు: లెక్కలను చదవడం

డాడా2 వంటి కంప్యూటర్ సాధనంతో చదువులను (యంత్రం చదివి ఇచ్చిన డీఎన్‌ఏ ముక్కలను) శుభ్రం చేసి, సిల్వా అనే జన్యు డేటాబేసుతో పేర్లు పెట్టండి. శైవలాల పత్రహరిత కణాల (క్లోరోప్లాస్ట్‌ల) 16ఎస్ చదువులను బాక్టీరియా పట్టిక నుంచి వేరు చేయాలి, పారేయకూడదు. ఏ శైవలం ఎప్పుడు వచ్చిందో అవే చెబుతాయి. విజృంభణ రోజుల్లో చదువుల్లో పెద్ద భాగాన్ని అవే తినేస్తాయి కాబట్టి, మిగిలిన బాక్టీరియా చదువులు చాలినన్ని ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక శాతాల మాయ. ఒక లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకు వేసినవే. శీతాకాలంలో మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు, అందులో సార్11 40 శాతం, ఆర్కియా 20 శాతం. వేసవిలో 12 లక్షల కణాలు, సార్11 15 శాతం, ఆర్కియా 1 శాతం. శాతాల పటం చూస్తే రెండూ కూలిపోయాయి. కణాల లెక్కలో సార్11 80 వేల నుంచి 1 లక్ష 80 వేలకు పెరిగింది! ఆర్కియా 40 వేల నుంచి 12 వేలకు నిజంగానే తగ్గింది. ఒకే పటంలో ఒక పతనం ఉత్తుత్తిది, మరొకటి అసలుది. ఆరో మెట్టు లేకుండా ఈ తేడా ఎవరూ చెప్పలేరు. దీనికి తోడు, సార్11 కణంలో 16ఎస్ జన్యువు ఒకే ప్రతి ఉంటుంది. వేగంగా పెరిగే కోల్వెలియా వంటి బాక్టీరియాలో ఎన్నో ప్రతులు ఉంటాయి. కాబట్టి ఈ గుణకారం ఉజ్జాయింపే. అయినా ఉత్త శాతాల కన్నా వెయ్యి రెట్లు నయం.

ఋతుచక్రం నిజంగా ఉందా అని తేల్చడానికి నాకు నచ్చిన పరీక్ష చాలా సాదాది. ప్రతి రెండు నమూనాల మధ్య పోలికను, వాటి మధ్య గడిచిన నెలలకు ఎదురుగా గీయండి. ఆరు నెలల దగ్గర పోలిక అడుగంటి, పన్నెండు నెలల దగ్గర మళ్లీ లేచి, పద్దెనిమిదికి పడి, ఇరవై నాలుగుకు లేస్తే అది చక్రం. లేవకుండా మెల్లగా జారిపోతూ ఉంటే సముదాయం ఏటేటా వేరే దారి పడుతోందన్నమాట. ఆర్కిటిక్‌ను, అంటార్కిటికాను పక్కపక్కన పెట్టాలంటే నెలల పేర్లు వదిలేసి పగటి నిడివిని గాని, మంచు విడిపోయి ఎన్ని రోజులైందో దాన్ని గాని అడ్డగీతగా వాడండి.

చివరి చిక్కు: నీరు నిలిచి ఉండదు. సముదాయం మారిందా, లేక వేరే నీరు వచ్చి చేరిందా? కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లోకి అట్లాంటిక్ నీరు చొరబడితే ఉప్పు, ఉష్ణోగ్రత రెండూ పెరుగుతాయి. ఆ రోజు కనిపించిన కొత్త జాతులు అక్కడ పుట్టి పెరిగినవి కాకపోవచ్చు. 2006 శీతాకాలం నుంచి ఆ చొరబాటు పెరిగి, ఫ్యోర్డులో చలికాలపు మంచు బాగా తగ్గింది కూడా. ఉప్పు తగ్గినప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది: కరిగింది సముద్రపు మంచా, హిమానీనదమా? ఉప్పు ఒక్కటే దీన్ని చెప్పలేదు. నీటిలోని ఆక్సిజన్-18 నిష్పత్తి చెబుతుంది. సముద్రపు మంచులో అది సముద్రపు నీటికి దగ్గరగా ఉంటుంది, హిమానీనదంలో చాలా తక్కువగా ఉంటుంది. రోథెరాలో ఏళ్లుగా ఈ పద్ధతే వాడుతున్నారు. ఒక చిన్న సీసాడు నీరు గట్టిగా మూత బిగించి దాచుకుంటే చాలు.

తుపానుతోనో, తెగిపోయిన మంచుతోనో ఏదో ఒక శీతాకాలపు నెల చేజారడం మామూలే. ఆ ఖాళీని అటూ ఇటూ ఉన్న నెలల సగటుతో పూడ్చకండి. గ్రాఫులో గీతను అక్కడ తెంచి, మిగిలినదాన్ని అలాగే వదిలేయండి. ఆ నెలను వచ్చే ఏడాది పట్టికలో ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, దానికి ముందు వారం, వెనుక వారం కూడా అదనపు నమూనాలకు సీసాలు కడిగి ఉంచుకోండి.